'గోల్కొండ' బొమ్మలో కోట ఏది?

ప్రశ్న: వరంగల్‌లో ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పోయిన నెల అల్లుడు మమ్మల్ని మెనిల్ కలెక్షన్ అనే మ్యూజియానికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక బొమ్మ కింద 'గోల్కొండ' అన్న పేరు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. గబగబా దగ్గరికి పోయి చూస్తే కోటా లేదు, కొండా లేదు. నల్ల కోట్లు, గుండ్రటి టోపీలు వేసుకున్న మగవాళ్ళు ఆకాశం నిండా వేలాడుతున్నారు. "ఇది సర్రియలిజం అత్తయ్యా, అర్థం వెతక్కూడదు" అన్నాడు అల్లుడు. ఎనిమిదేళ్ళ మనవరాలేమో "అమ్మమ్మా, వీళ్ళు పైకెళ్తున్నారా, కిందికొస్తున్నారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అర్థం వెతక్కూడదంటే ఇక చూడటం దేనికి? అర్థమైనట్టు తలాడించడం నాకు చేతకాదు. అసలీ సర్రియలిజం ఏమిటో నాకు తెలిసేలా చెప్తారా?
— ఒక అమ్మమ్మ

సమాధానం:

అమ్మా, ముందు మనవరాలి సంగతి చూద్దాం. ఆ బొమ్మ ముందు నిలబడి అడగాల్సిన ప్రశ్నే అడిగింది. మీరు జవాబు చెప్పలేకపోయారంటే అందులో మీ లోపమేమీ లేదు. గీసినాయనే జవాబు పెట్టలేదు.

ఈసారి వెళ్ళినప్పుడు ఇంకాస్త సేపు నిలబడండి. మొదట మగాళ్ళ వాన కురుస్తున్నట్టే ఉంటుంది. కానీ ఎవరి కోటూ గాలికి రెపరెపలాడదు, ఎవరి టోపీ ఎగిరిపోదు. పడిపోయేవాడికి ఉండాల్సిన కంగారు లేదు, ఎగిరేవాడికి ఉండాల్సిన సంబరమూ లేదు. బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నింపాదిగా ఉన్నారు, కాళ్ళ కింద నేల లేదంతే. వెనకాల ఎర్ర పెంకుల ఇళ్ళు, కిటికీల వరసలు, లేత నీలం ఆకాశం. అంతా మామూలే. లెక్కల టీచరు కన్ను గనక ఇంకోటి కూడా పట్టేసే ఉంటుంది: వాళ్ళు ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా లేరు. దగ్గరివాళ్ళు పెద్దగా, దూరంవాళ్ళు చిన్నగా, గ్రాఫ్ పేపరు మీద చుక్కలు పెట్టినట్టు కొలత ప్రకారం ఉన్నారు. వానకి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? అందుకే పైకా, కిందికా అంటే తేల్చలేం.

గీసింది రెనే మాగ్రిట్, బెల్జియం దేశస్థుడు. గీసింది 1953లో. అప్పటికి బ్రస్సెల్స్ పక్కన జెట్ అనే చోట మామూలు మధ్యతరగతి ఇంట్లో ఉండేవాడు. భోజనాల గదిలోనే ఈజిల్ వేసుకుని, సూటు వేసుకుని మరీ గీసేవాడు. ఆ గుండ్రటి టోపీ ఆయనా పెట్టుకునేవాడు. బొమ్మ పూర్తయ్యాక స్నేహితులు ఇంటికొచ్చి, దానికి ఏం పేరు పెడదామా అని కూర్చుని ఆలోచించేవాళ్ళు. 'గోల్కొండ' అన్న పేరు అలా కవి మిత్రుడు లూయీ స్కుటెనేర్ ఇచ్చిందే.

ఆ పేరు బెల్జియం దాకా ఎలా పోయిందో మనకి తెలిసిన కథే. నిజానికి గోల్కొండలో వజ్రాల గనులు లేవు. కృష్ణ ఒడ్డున కొల్లూరులాంటి చోట్ల తవ్వినవి గోల్కొండ బజారుకి వచ్చేవి. 17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇక్కడికి వచ్చి, చూసిందంతా రాసుకుని పోయాడు. అలాంటివాళ్ళ పుణ్యమా అని యూరప్ భాషల్లో గోల్కొండ అంటే ఊరు పోయి 'తరగని సిరి' అన్న మాటే మిగిలింది. మాగ్రిట్‌కి గోల్కొండ అంటే అదే, ఎక్కడో ఉన్న ఒక అద్భుత నగరం. కోట ఆయన చూసిందీ లేదు, గీయాలనుకున్నదీ లేదు. పేరు బొమ్మని వివరించకూడదు, పక్కన నిలబడి ఇంకాస్త తికమక పెట్టాలి. అదే వాళ్ళ పద్ధతి. మీరు పరుగున వెళ్ళి 'కోట ఏదీ?' అనుకున్నారు చూశారా, ఆ పేరు హైదరాబాదు పక్కవాళ్ళ మీద పనిచేసినంత గట్టిగా బ్రస్సెల్స్‌లో ఎవరి మీదా పనిచేసి ఉండదు.

ఇక అల్లుడుగారి మాట. అర్థం వెతక్కూడదన్నది సగమే నిజం. మన పొడుపు కథలు గుర్తు చేసుకోండి. పొడిచేవాడి దగ్గర విడుపు సిద్ధంగా ఉంటుంది. విప్పగానే నవ్వుకుని ఇంకోటి అడుగుతాం, విప్పిన కథతో మనకి మళ్ళీ పనిలేదు. మాగ్రిట్ బొమ్మ విడుపు లేని పొడుపు. ఆయన ఎక్కడా దాచిపెట్టలేదు, అసలు తయారే చేయలేదు. అందరూ ఒకే మూసలో పోసినట్టు బతికే ఆఫీసు ఉద్యోగులని వెక్కిరించాడని కొందరంటారు. అనుకోవచ్చు, కాదనను. కానీ అదే విడుపు అనుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతే నష్టం మనకే. టోపీ అంటే ఇది, ఆకాశం అంటే అది అని పట్టిక వేసి చెప్పేవాళ్ళంటే మాగ్రిట్‌కీ గిట్టేది కాదు.

సర్రియలిజం పిచ్చివాళ్ళ సరదా కాదు, దీని వెనక పెద్ద దెబ్బ ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం. తర్వాత సర్రియలిజం మొదలుపెట్టిన ఆంద్రే బ్రెటన్ అప్పటికి వైద్య విద్యార్థి. అతన్ని 1916లో సెయింట్ దిజియే అనే ఊళ్ళో, మతి చెదిరిన సైనికుల ఆసుపత్రిలో పనికి వేశారు. అక్కడ ఒక సైనికుడు, యుద్ధం అనేదే లేదు, ఇదంతా నాటకం, బాంబులు ఉత్తుత్తివి, గాయాలు మేకప్ అని గట్టిగా నమ్మేవాడు. ఇరవై ఏళ్ళ బ్రెటన్‌ని ఆ మనిషి వదల్లేదు. బయటేమో లెక్కలూ సైన్సూ బాగా చదివిన పెద్దమనుషులు మ్యాపులు పరిచి, కొలతలు వేసి, లక్షలమందిని కందకాల్లో చంపిస్తున్నారు. మరి తెలివిలో ఉన్నదెవరు? జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్, ఫ్రెంచి కవి పాల్ ఎల్యువార్ ఆ తర్వాత ప్రాణస్నేహితులయ్యారు. అయ్యాక లెక్క చూసుకుంటే, యుద్ధంలో ఒకే చోట ఎదురెదురు సైన్యాల్లో ఉన్నామని తేలింది.

ఇలాంటి కుర్రాళ్ళకి పెద్దల తర్కం మీద నమ్మకం పోవడంలో ఆశ్చర్యం ఏముంది? ముందు డాడా అన్నారు. 1916లో జ్యూరిక్‌లో మొదలైన ఆ గోలలో అన్నిటినీ ఎగతాళి చేయడమే పని. ఎగతాళితో ఎన్నాళ్ళు నడుస్తుంది? బ్రెటన్ బృందానికి కూలగొట్టడంతో పాటు వెతుక్కోవడానికీ ఏదో కావాల్సొచ్చింది. ఆ వెతుకులాటకి చోటు చూపించింది వియన్నా మనోవైద్యుడు ఫ్రాయిడ్. మనం అనుకునే 'నేను' పై పొర మాత్రమే, కింద మన అదుపులో లేని కోరికలూ భయాలూ ఉంటాయి, కలల్లో అవి వేషం మార్చుకుని వస్తాయి అన్నాడాయన. 1921లో బ్రెటన్ వియన్నా వెళ్ళి ఫ్రాయిడ్‌ని కలిసి ఉసూరుమంటూ తిరిగొచ్చాడు. ఆ పెద్దాయనకి ఈ కుర్రాళ్ళ గొడవ పట్టలేదు. 1938లో లండన్‌లో స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీని చూశాక ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఇన్నాళ్ళూ వీళ్ళని పూర్తి మూర్ఖులనుకున్నాను, ఆల్కహాల్ శాతం చెప్పినట్టు ఓ 95 శాతం అనుకోండి, ఈ కుర్రాణ్ణి చూశాక మళ్ళీ ఆలోచించాల్సి వస్తోంది అన్నాడు.

సర్రియల్ అన్న మాట పుట్టించింది అపోలినేర్ అనే కవి, 1917లో. ఆయన మరుసటి ఏడే పోయాడు. బ్రెటన్ ఆ మాట తీసుకుని 1924లో మానిఫెస్టో రాశాడు. 'సుర్' అంటే ఫ్రెంచిలో పైన. మనవాళ్ళు దాన్ని 'అధివాస్తవికత' అన్నారు, చక్కగా అతికింది. వాస్తవాన్ని వదిలేసి ఎక్కడికో పోవడం కాదది. కలా మెలకువా విడివిడి గదులు కావని, మధ్య గోడ తీసేస్తే వచ్చే పెద్ద హాలే అసలు వాస్తవమని వాళ్ళ నమ్మకం.

ఆ మానిఫెస్టోలో నాకు నచ్చే చోటు ఒకటుంది. ఒక రాత్రి నిద్ర పట్టబోతుండగా బ్రెటన్‌కి ఓ వాక్యం, ఎవరో కిటికీ కొట్టి చెప్పినట్టు, స్పష్టంగా వినపడింది: కిటికీ రెండుగా కోసిన మనిషి ఒకడున్నాడు అని. ఆ వెంటనే నడుం దగ్గర అడ్డంగా కిటికీ దిగబడి నడిచిపోయే మనిషి కనిపించాడు. మీకూ అవుతుంది ఇది. మధ్యాహ్నం కునుకు పట్టే ముందు ఎవరిదో తెలియని గొంతు సంబంధం లేని మాటేదో అంటుంది, ఉలిక్కిపడి లేస్తాం, మర్చిపోతాం. బ్రెటన్ మర్చిపోకుండా రాసుకున్నాడు. ఆ ఊపుతోనే, 1919లో, ఫిలిప్ సూపో అనే స్నేహితుడితో కలిసి ఇలాంటి మాటలు వరదలా రాసే పని పెట్టుకున్నాడు. కలం ఆపకూడదు, వెనక్కి చదవకూడదు, దిద్దకూడదు. ఆ మానిఫెస్టోలోనే ఇంకో ముచ్చట కూడా ఉంది: సెయింట్ పోల్ రూ అనే కవి రోజూ పడుకునే ముందు తలుపుకి 'కవి పనిలో ఉన్నాడు' అని బోర్డు తగిలించేవాడట.

బొమ్మల్లో ఇది రెండు దారులు పట్టింది. మొదటి దారిలో చేతిని బుద్ధి చెప్పినట్టు విననీయకూడదు. ఆంద్రే మసోన్ ఏం గీస్తున్నాడో అనుకోకుండా గీత లాగేవాడు, ఆ గీతల్లోంచి చేపో, చెయ్యో తేలేది. ఎర్న్‌స్ట్ 1925లో సముద్రం ఒడ్డున ఒక సత్రంలో దిగాడు. నేలకి వేసిన పాత చెక్కల గాట్లు చూసి చూసి బుర్ర తిరిగిపోయి, వాటి మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దాడు. అడవులూ, పక్షులూ, కళ్ళూ పైకొచ్చాయి. ఫ్రోటాజ్ అని దానికి గొప్ప పేరు. మనం చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దిందీ అదే. తేడా ఏమిటంటే, మనకి రూపాయి వస్తుందని ముందే తెలుసు.

రెండో దారి మాగ్రిట్‌ది, డాలీది. జరగని దాన్ని, ఫొటో తీసినంత శ్రద్ధగా, జరిగినట్టు గీయడం. డాలీ కరిగే గడియారాలు అందరికీ తెలుసు. ఆ బొమ్మ 1931 నాటిది. గోడంత ఉంటుందనుకుంటారు గానీ కొలిస్తే 24 సెంటీమీటర్లకి 33, మీ హాజరు పట్టీ అంత. ఎండకి కారిపోతున్న కామెంబెర్ అనే మెత్తటి చీజ్ చూసి ఆ ఊహ వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. డాలీ విషయంలో నా అభిప్రాయం దాచుకోను: మొదటి పదేళ్ళు గొప్పవాడు, తర్వాత మీసాల వ్యాపారం. బ్రెటన్‌కీ అలాగే అనిపించి, ఆయన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి 'డాలర్ల కక్కుర్తి' అని అర్థమొచ్చే పేరు కట్టాడు. అయినా 1967లో ఎయిర్ ఇండియాకి యాష్‌ట్రే డిజైన్ చేసిచ్చి, బదులుగా డబ్బు కాకుండా ఏనుగు పిల్లని అడిగి తెప్పించుకున్న మనిషి మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం?

మాగ్రిట్ ఇంకో బొమ్మ చెప్పకపోతే మీ ప్రశ్నకి జవాబు పూర్తవదు. 1929లో ఒక పొగాకు పైపు గీసి, కింద బళ్ళో నేర్పే గుండ్రటి అక్షరాలతో 'ఇది పైపు కాదు' అని రాశాడు. నేను కుర్రాడిగా ఒక సైన్‌బోర్డుల పెయింటర్ దగ్గర బ్రష్షులు కడిగేవాణ్ణి. ఒక పాత పత్రికలో ఈ బొమ్మ చూపిస్తే ఆయన, "ఇలా రాస్తే షాపువాడు నాకు డబ్బులిస్తాడా?" అని నవ్వాడు. మాగ్రిట్ కూడా పొట్టకూటికి ప్రకటనల బొమ్మలు వేసినవాడేనని అప్పట్లో నాకు తెలీదు. జనం పోట్లాటకి వస్తే ఆయన, అందులో పొగాకు కూరగలరా, లేదు కదా, బొమ్మ మాత్రమే కదా అనేవాడు.

అమ్మా, ఈ పాఠం మీరు ముప్ఫై ఏళ్ళు చెప్పారు. బోర్డు మీద సుద్దతో చుక్క పెట్టి 'ఇది బిందువు' అని, ఆ నోటితోనే 'బిందువుకి పొడవూ వెడల్పూ ఉండవు' అని ఉంటారు. పిల్లలెవరైనా లేచి, మరి అంత లావు చుక్క పెట్టారేం టీచర్ అని అడిగారా? అడిగుంటే ఆ పిల్ల మాగ్రిట్ మనవరాలు.

బొమ్మలు దాటి వస్తువుల్లోకీ పోయారు. మెరెట్ ఓపెన్‌హైమ్ అనే అమ్మాయి ప్యారిస్‌లో ఒక కఫేలో, బొచ్చు అతికించిన కడియం వేసుకుని పికాసోతో మాట్లాడుతోంది. దేనికైనా బొచ్చు తొడగొచ్చని ఆయనంటే, ఈ కప్పుకీ సాసర్‌కీ కూడా అంది ఆమె. అన్నంత పనీ చేసింది. 1936లో కప్పు, సాసర్, చెంచా కొని మూడింటికీ జింక బొచ్చు తొడిగింది. అప్పటికామె వయసు 22. టీలో ఒక్క వెంట్రుక కనిపిస్తే పారబోసే వాళ్ళం కదా మనం. ఆ కప్పు పెదవికి ఆనించుకున్నట్టు ఒక్క క్షణం ఊహించండి. ఒళ్ళు జలదరించిందా? ఆ జలదరింపులోనే ఆ కళ ఉంది. అర్థం చెప్పమంటే నేనైతే అక్కడితో ఆగిపోతాను.

ఇక్కడ మనవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: ఇందులో కొత్తేముంది, మన నరసింహావతారం సర్రియలిజం కాదా అని. నేను ఒప్పుకోను. నరసింహుడి రూపంలో ప్రతి ముక్కకీ కారణం ఉంది. మనిషి కాదు, మృగం కాదు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంటా కాదు, బయటా కాదు. హిరణ్యకశిపుడి వరంలో ఉన్న సందులన్నీ లాయరులా వెతికి పట్టుకున్న రూపం అది. పైగా భక్తుడికి ఆ రూపం తెలిసినది, దగ్గరిది. సర్రియలిస్టులకి ఇష్టమైన వాక్యం 19వ శతాబ్దపు కవి లోత్రెయామోన్ రాసిన పోలిక: శవపరీక్ష బల్ల మీద కుట్టుమిషనూ గొడుగూ అనుకోకుండా కలుసుకున్నంత అందం అని. అక్కడ వరమూ లేదు, శాపమూ లేదు. ఎందుకు కలిశాయో చెప్పే పురాణం లేదు.

వాళ్ళ తగాదాల గురించి ఎక్కువ చెప్పను, అదో పంచాయితీ. స్వేచ్ఛ స్వేచ్ఛ అంటూనే బ్రెటన్ నచ్చనివాళ్ళని ఒక్కొక్కరినీ వెలివేశాడు. 1929లో మాగ్రిట్ భార్య జార్జెట్ మెడలో సిలువ ఉందని తీసేయమన్నాడు. ఆమె తియ్యలేదు, మొగుడూ పెళ్ళాలిద్దరూ లేచి వచ్చేశారు. ఆడవాళ్ళని దేవతలనీ, స్ఫూర్తి అనీ పొగుడుతూనే బ్రష్ పట్టుకున్న ఆడవాళ్ళని పక్కన కూర్చోబెట్టారు. లియోనోరా కారింగ్టన్, రెమెదియోస్ వారోలు మెక్సికో చేరి, సొంత దారిలో గీసిన బొమ్మలు ఇప్పుడు చూస్తే మగవాళ్ళలో సగంమంది వెలవెలబోతారు. ఒక్క విషయంలో మాత్రం బ్రెటన్ బృందానికి దండం పెట్టాలి: 1931లో ప్యారిస్‌లో ప్రభుత్వం వలస రాజ్యాల వైభవం చూపిస్తూ పెద్ద ప్రదర్శన పెడితే, దానికి వెళ్ళకండి అని కరపత్రాలు పంచారు. తెలుగులో ఈ గాలి బొమ్మల కంటే కవిత్వానికి ఎక్కువ సోకింది. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబులని చదివినవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మెనిల్‌లో టికెట్ లేదు, ఎన్నిసార్లైనా వెళ్ళొచ్చు. మాగ్రిట్‌వి అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. పేరు చీటీ ముందు చదవకండి. మనవరాలిని బొమ్మ ముందు నిలబెట్టి, ఏం కనిపిస్తోందో తెలుగులో చెప్పమనండి, అర్థం కాదు, కనిపించేది. 'టోపీ, టోపీ, కిటికీ' అని మొదలుపెట్టి ఎక్కడ ఆగుతుందో గమనించండి. అది ఆగిన చోట మీరూ ఆగండి. పక్కనున్నవాళ్ళు తలాడిస్తే ఆడించనివ్వండి.

ఇంటికొచ్చాక వాళ్ళ ఆటే ఒకటి ఆడండి. 1925 ప్రాంతంలో ప్యారిస్‌లో మొదలుపెట్టారు. ఒకరు కాగితం మీద ఒక మాట రాసి, కనపడకుండా మడిచి పక్కవాళ్ళకిస్తారు. వాళ్ళు ఇంకో మాట రాసి మడుస్తారు. చివరికి విప్పి చదువుతారు. అలా వచ్చిన మొదటి వాక్యం 'శ్రేష్ఠమైన శవం కొత్త ద్రాక్షసారా తాగుతుంది' అని. ఆ శవం పేరే ఆటకీ స్థిరపడింది. పోయిన సంక్రాంతికి మా ఇంట్లో ఆడితే 'తడిసిన పోస్ట్‌మ్యాన్ నిద్రపోతున్న బావిని ఇస్త్రీ చేశాడు' అని వచ్చింది. మా బావమరిది ఇప్పటికీ ఆ పోస్ట్‌మ్యాన్ క్షేమం అడుగుతుంటాడు.

మీ ఇంట్లో సరిగ్గా నలుగురున్నారు. ఎలాంటివాడో మనవరాలు రాయాలి, ఎవరో అమ్మాయి రాయాలి, దేన్నో అల్లుడుగారు రాయాలి, ఆయన్ని అర్థం వెతక్కుండా రాయమనండి. క్రియ మీరు ఉంచుకోండి. తెలుగు వాక్యంలో అది చివర్న వస్తుంది కనక కాగితం విప్పేదీ మీరే అవుతారు.